శనివారం మూకుడు

ఆ వారమంతా గంగాభవాని కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున్నే వాకిలి కడిగింది, గంట తిరక్కుండా ఎవరో చెప్పినట్టు మళ్ళీ కడిగింది. స్టవ్ మీద పప్పు పెట్టి, ఆరిన బట్టలు తీద్దామని డాబా ఎక్కి, తీయకుండానే దిగి వచ్చేసరికి పప్పు అడుగంటింది. ఆమె భర్త త్రినాధరావు ముప్పై ఏళ్ళు కిరండూల్ ఇనప గనుల్లో డంపర్ స్టీరింగు తిప్పి, ఇప్పుడు గవరపాలెంలో సొంతింటి అరుగు మీద కూర్చుని పేపరు పేజీలు తిప్పుతున్నాడు. మాడు వాసనకి తలెత్తాడు.

"ఏటే, కాళ్ళకి సక్రాలు కట్టుకున్నావేటి? ఒక కాడ కూసోలేవా?"

"కూసుంటే పన్లెవులు సేత్తారు?" అంది విసురుగా.

సోమవారం నుంచి ఆమె పూర్తి చేసిన పని ఒక్కటీ లేదు. పప్పు మాత్రం మూడు సార్లు మాడింది.

సోమవారం జరిగిందేమిటంటే, కశింకోటలో ఉండే నానాజీ ఫోన్‌లో ఒక ఫొటో పెట్టాడు. నానాజీ ఒకప్పుడు త్రినాధరావుతో ఒకే షిఫ్టులో చేసినవాడు. రిటైరై వచ్చిన వాళ్ళంతా కలిసి 'కిరండూల్ మిత్రులు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. మగవాళ్ళు గుడ్ మార్నింగులు పెడతారు, ఆడవాళ్ళు దేవుడి బొమ్మలు పెడతారు, అంతకు మించి అందులో ఏమీ ఉండదు. ఆ రోజు మాత్రం ఆకుపచ్చ తలుపులూ, వెలిసిపోయిన బోర్డూ ఉన్న ఒక హోటలు ఫొటో వచ్చింది. కింద నానాజీ రాశాడు: 'మన పగోడా ఈ నెల ఇరవై తొమ్మిదితో మూసేస్తున్నారు. లింగమ్మ గారు కలకత్తాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. వెళ్ళగలిగిన వాళ్ళు ఒకసారి వెళ్ళి రండి.'

అంతే, గ్రూపులో గేట్లెత్తేసినట్టయింది. ఒకాయన స్వీట్ కార్న్ సూపు గురించి రాశాడు. ఇంకొకాయన వెనిగర్‌లో ఊరేసిన పచ్చిమిరపకాయలు సీసాతో సహా తాగేసిన సంగతి రాశాడు. ఎవరో పాత పెళ్ళిరోజు ఫొటో పెట్టారు, వెనకాల చేపల తొట్టి కనిపిస్తోంది. మధ్యలో ఒకావిడ రాసింది: 'శనివారం మూకుడు పెట్టించింది మన గంగమ్మొదినే కదా!' అది చదివి గంగాభవాని ఫోన్‌ని బోర్లా పెట్టేసింది. అప్పటినుంచే ఈ తిరుగుడు.

గంగాభవానిది కొండకర్ల. ఆవ గట్టున నీళ్ళూ కొంగలూ చూసి పెరిగిన పిల్ల పెళ్ళై కిరండూల్ స్టేషన్లో దిగేసరికి ఊరంతా ఎర్రగా ఉంది. రోడ్డు ఎరుపు, రేకులు ఎరుపు, ఆఖరికి వీధికుక్కలు కూడా ఎరుపే. ఇనప ఖనిజం దుమ్ము. కట్టుకొచ్చిన తెల్లచీర సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగితే కూర్చుని ఏడ్చింది. కొత్త పెళ్ళాం ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలీక త్రినాధరావు ఆ శనివారం సాయంత్రం తన షిఫ్టు కాగానే ఆమెని పగోడాకి తీసుకెళ్ళాడు. ఆ ఊళ్ళో సంబరానికైనా సంతాపానికైనా వెళ్ళడానికి ఉన్నది అదొక్కటే.

పల్లెటూరి పిల్ల అలాంటి చోటు ఎన్నడూ చూడలేదు. అద్దం పరిచిన బల్లలు, ఎర్ర కాగితం దీపాలు, అవి నిజంగానే ఎర్రవి, దుమ్ము వల్ల కాదు. గోడకి కాళ్ళున్న పాములాంటి జంతువు బొమ్మ. వంటింటికీ హాలుకీ మధ్య చిన్న కిటికీ. దానిలోంచి ఒక చైనా ఆయన తల బయటికి పెట్టి నవ్వి మళ్ళీ లోపలికి లాక్కున్నాడు. ఆయన పేరు లియావ్. ఆయన భార్య పొట్టిగా, బిగించి ముడివేసుకున్న జుట్టుతో, బల్లల మధ్య గబగబా తిరుగుతోంది. ఆవిడ అసలు పేరు మేయ్‌లింగ్. తెలుగువాళ్ళ నోట్లో పడి లింగమ్మ అయిపోయింది. తాతల నాడే కలకత్తాలో స్థిరపడిన చైనా కుటుంబాలు వాళ్ళవి. గనులు తెరిచిన కొత్తలో ఇక్కడికొచ్చి పొయ్యి వెలిగించారు.

వచ్చిన చిక్కేమిటంటే, శనివారం గంగాభవాని నీసు ముట్టదు. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి చావు తప్పితే వాళ్ళ నాన్న ఉపమాక వెంకన్నకి మొక్కిన మొక్కు అది. లింగమ్మకి అప్పట్లో తెలుగు రాదు, గంగాభవానికి హిందీ రాదు. గంగాభవాని చేపలా చెయ్యి ఆడించి చూపించింది, కాదని తలూపింది, రెండు చేతులూ జోడించి పైకి చూసింది. లింగమ్మ ఒక్క నిమిషం ఆలోచించి లోపలికెళ్ళి తెల్లన్నం, అరటిపండ్లు, పంచదార తెచ్చి పెట్టింది. చైనా హోటల్లో కొత్తకోడలు తిన్న మొదటి విందు అది.

మరుసటి సెలవులకి ఊరొచ్చినప్పుడు గంగాభవాని అనకాపల్లి మెయిన్ రోడ్డులో వలి గారి ఇనప సామాన్ల కొట్టులో ఒక మూకుడు కొంది. పద్నాలుగు గంటల రైలు ప్రయాణంలో దాన్ని ఒళ్ళోంచి దించలేదు. పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి లింగమ్మ చేతిలో పెట్టింది. ఇందులో నీసు పడకూడదు, గరిట కూడా వేరే ఉండాలి అని సైగలతోనే చెప్పింది. లింగమ్మ వంటింట్లో దానికోసం ఒక మేకు కొట్టించింది. అప్పటినుంచి శనివారం మొక్కులున్న తెలుగు ఆడవాళ్ళంతా నిశ్చింతగా పగోడాకి వచ్చేవారు. కూరగాయల నూడుల్స్, గోబీ, కాయధాన్యాల సూపు, అన్నీ ఆ మూకుట్లోనే.

పదహారేళ్ళు అలా నడిచింది. లింగమ్మ తెలుగు నేర్చింది, అదీ మన అనకాపల్లి, కశింకోట ఆడవాళ్ళ దగ్గర నేర్చింది. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసర్ని కూడా "ఏటి కావాలి బాబూ?" అని పలకరించేది. గంగాభవాని కూతురు దివ్య పుట్టినప్పుడు బాలింత అల్లం సూపు అని రోజూ ఆస్పత్రికి గిన్నె మోసుకొచ్చింది. గంగాభవాని తల్లి ఆ గిన్నెని అనుమానంగా చూసి, మూడో రోజు తనే ముందు తాగింది. దివ్య పెరిగి, పుల్లలతో నూడుల్స్ తినడం నేర్చుకుని ఇంటికొచ్చి ఆవకాయన్నం కూడా పుల్లలతోనే తింటానని పేచీ పెట్టేది. అక్కాచెల్లెళ్ళు లేని గంగాభవానికి మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లింగమ్మ ఒక్కతే.

2003లో ఒక శనివారం అంతా తగలబడింది.

ఆ రోజు పళ్ళెంలో నూడుల్స్ మధ్య నల్లటి పీలికలు వచ్చాయి. గంగాభవాని ఎప్పుడూ చూడలేదు. కొరికితే మెత్తగా ఉండి, లోపల కరకరమంది. పంది చెవి! కొండకర్లలో పందుల వాడ పక్కనే పెరిగిన మనిషి, ఆ చెవులు ఎలా వేలాడతాయో ఆమెకి బాగా తెలుసు. అక్కడే కక్కుకుంది. హోటలంతా నిండుగా ఉంది. "శనివారం పూట నాకు నీసు పెట్టింది! మూకుడు మార్చేసింది!" అని అరిచింది. లింగమ్మ పరుగెత్తుకొచ్చి, "నీసు కాదే గంగా, సెట్టు మీద పుట్టీది, కలకత్తా నుంచి వచ్చింది" అని మొత్తుకుంది. ఎవరు వింటారు? అక్కడున్న తెలుగు ఆడవాళ్ళంతా లేచి, తిన్న పళ్ళాలు వదిలేసి గంగాభవాని వెనకాల నడిచారు. గనుల కాలనీకి రాగానే అందరూ తలంటు పోసుకున్నారు. ఇక ఆ గడప తొక్కనని గంగాభవాని గుళ్ళో ఒట్టేసింది.

నాలుగో రోజు మంగళవారం, సంత. అడివిలోంచి వచ్చే ఆడవాళ్ళు దొన్నెల్లో రకరకాల సరుకు పోసుకుని కూర్చుంటారు. ఒక ముసలమ్మ ముందు నల్లగా ఎండి ముడుచుకున్న పీలికల కుప్ప ఉంది. గంగాభవాని కాళ్ళు ఆగిపోయాయి. ఏమిటని అడిగితే, చెట్టు మొద్దుల మీద లేచే పుట్టగొడుగని చెప్పింది. దొన్నెడు కొనుక్కుని ఇంటికొచ్చి, తలుపేసుకుని, నీళ్ళలో నానబెట్టింది. అవి చెవుల్లాగే విప్పుకున్నాయి. ఒకటి కొరికింది. మెత్తగా ఉండి, లోపల కరకరమంది.

ఆ గిన్నె పట్టుకుని అప్పుడే పగోడాకి పరిగెత్తి ఉంటే ఈ కథ లేదు. పరిగెత్తలేదు. తన మాట మీద ముప్పైమంది తలస్నానాలు చేశారు. గుళ్ళో అందరి ముందూ ఒట్టేసింది. ఇప్పుడు పోయి అది పుట్టగొడుగని చెబితే ఏ మొహంతో తిరుగుతుంది? కొందరు పుట్టగొడుగుని కూడా నీసులోనే లెక్కేస్తారు కదా అని మనసుకి సర్ది చెప్పుకుంది. గిన్నెలోది దొడ్లో పారబోసి, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

దానికి తోడు పరువొకటి వచ్చి నెత్తిన కూర్చుంది. గంగమ్మ నియమమంటే నియమం అని కాలనీలో పేరొచ్చింది. శనివారం భజనకి ఆమెనే పెద్దని చేశారు. ఆర్నెల్లయ్యాక మగవాళ్ళు మెల్లగా పగోడాకి వెళ్ళడం మొదలెట్టారు, తర్వాత ఆడవాళ్ళూ వెళ్ళారు. గంగాభవాని మాత్రం త్రినాధరావు రిటైరై వచ్చేవరకు, పదకొండేళ్ళు, ఆ వీధిలోకే వెళ్ళలేదు. శనివారం అక్కడ గడ్డి తప్ప ఏమీ దొరకడం లేదని ఎవరో మగవాళ్ళు విసుక్కుంటుంటే విని, గిరాకీ తగ్గింది కాబోలు అనుకుని మాట మార్చింది. ఒకసారి సంతలో లింగమ్మ ఎదురుపడింది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచింది. గంగాభవాని తల తిప్పేసుకుని వంకాయలు ఏరింది. ఆ వంకాయల రంగు ఇప్పటికీ ఆమెకి గుర్తే.

ఇన్నేళ్ళూ ఆ ముల్లు పాదంలోనే ఉంది. నడవడం అలవాటైపోయింది, అంతే. ఇప్పుడు ఇరవై తొమ్మిదో తారీకు అని ఒక గడువు వచ్చి పడింది. అది దాటితే లింగమ్మ కలకత్తా జనంలో కలిసిపోతుంది. ఎనభై ఏళ్ళ మనిషి. మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు చెబుతుంది?

బుధవారం షేర్ ఆటో ఎక్కి అనకాపల్లి స్టేషన్‌కి వెళ్ళింది. కిరండూల్ బండి పొద్దున్నే విశాఖలో ఎక్కితే రాత్రికి దింపుతుందని ఆమెకి తెలియంది కాదు. అయినా కౌంటర్లో అడిగింది. టిక్కెట్టు ఇవ్వమంటారా అని అతను అడిగితే, కనుక్కుందామని వచ్చేనని చెప్పి బయటపడింది. ఇంటికి రాలేదు. మెయిన్ రోడ్డంతా ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. ఏమీ కొనకుండానే వచ్చినందుకు తనమీద తనకే కోపమొచ్చి, అక్కర్లేని కొత్తిమీర రెండు కట్టలు కొంది.

గురువారం భోజనాల దగ్గర త్రినాధరావే ఎత్తాడు.

"నానాజీ వాళ్ళు ఎల్తారట. మనమూ ఎల్దామంటావేటి? అయినా నువ్వు రావు కదా. ఒట్టు పెట్టుకున్నావు."

"నానేటి ఒట్టు గురించి అన్నానా ఇప్పుడు?" అని గంగాభవాని కస్సుమంది.

"నిన్నేటన్నానే? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!" అని నవ్వాడు. తర్వాత మజ్జిగ పోసుకుంటూ, తన మానాన తను మురిసిపోతూ అన్నాడు: "గ్రూపులో అందరికీ సెప్పేను. మా గంగ మాటంటే మాటే, కొండ కదిలినా కదలదు అని."

ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు మరి. ఇరవై రెండేళ్ళ నుంచి ఆయన భార్య నియమం చూసి గర్వపడుతున్నాడు. కంచంలో అన్నం వదిలేసి లేచి చెయ్యి కడిగేసుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకి త్రినాధరావు బ్యాంకుకి వెళ్ళాడు. గంగాభవాని నానాజీకి ఫోన్ చేసి పగోడా నంబరు తీసుకుంది. గోడ కేలెండరు అంచున రాసింది. నొక్కింది, మోగకముందే ఆపేసింది. మంచినీళ్ళు తాగింది. పెరట్లోకెళ్ళి కరివేపాకు మొక్కకి నీళ్ళు పోసింది, పొద్దున్నే పోసినవి ఇంకా ఇంకలేదు. లోపలికొచ్చి దేవుడి దగ్గర నిలబడి, దేవుడి మొహం చూడలేక వంటింట్లోకి వచ్చింది. ఈసారి నొక్కి చెవికి గట్టిగా అదుముకుంది.

"హలో, పగోడా."

గొంతు పలచబడింది. మనిషి మాత్రం అదే.

"నాను... గంగని."

"ఏ గంగ? డంపర్ త్రినాధ్ గంగా?"

"ఆఁ."

"ఓలమ్మో!" అంది లింగమ్మ. అటువైపు కుర్చీ లాగిన చప్పుడు. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చేనేటే? దివ్య ఎలగుంది? పిల్లలా? ఎంతమంది?"

దివ్యకి ఇద్దరు పిల్లలని, గాజువాకలో ఉంటోందని గంగాభవాని చెప్పింది. త్రినాధరావు షుగరు గురించి చెప్పింది. చెప్పాల్సింది నాలిక చివర దాకా వచ్చి వెనక్కి పోతోంది. చివరికి, "లింగమ్మా, నీకొక మాట సెప్పాలని సేసేను" అంది.

"ఆగు. ముందు నన్ను సెప్పనీ. ఇరవై రెండేళ్ళ నుంచి నీకు సెప్పాలని ఉంది. సంతలో సెప్పబోతే నువ్వు మొహం తిప్పీసేవు." లింగమ్మ ఊపిరి తీసుకుంది. "ఆ దినం సెట్టు మీదది అన్నాను కదా. నిజమనే అన్నాను. కానీ రాత్రికి నాకే అనుమానమొచ్చింది. జీతానికి పెట్టుకున్న మా వంటాయన ఆ రోజు హడావిడిలో వేరే గరిట పెట్టేసేడేమో. అడిగితే గుర్తు లేదన్నాడు. గంగ అబద్ధం ఆడీ మనిషి కాదు, నోటికి ఏదో తగిలే ఉంటది అనుకున్నాను. తప్పు మాదే అయ్యుంటది. మీ దేవుడి ముందు నీకు అలగ అయిపోయింది. ఏటి సెయ్యగలను? అందుకని మరసటి వారం నుంచి శనివారం మా పొయ్యి మీద నీసు ఎక్కించడం మానీసేను."

"శనివారం... మొత్తానికేనా?"

"మొత్తానికే. మాకూ లేదు, గిరాకీకీ లేదు. ఇప్పటికీ అంతే. మన్నించేనని ఒక్క మాటను గంగా. ఎల్లిపోయే ముందు ఇనాలని ఉంది."

గంగాభవాని గోడకి జారగిలబడింది. ఎనభై ఏళ్ళ మనిషి, ఏ తప్పూ చెయ్యని మనిషి, తనని క్షమాపణ అడుగుతోంది. మన్నించేనని అనేస్తే అయిపోతుంది. రెండు వైపులా సంతోషం, త్రినాధరావు గర్వం భద్రం. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసింది.

"అది పుట్టగొడుగే లింగమ్మా" అంది. "నాలుగో నాడే తెలిసింది నాకు. సంతలో కొన్నాను, నానబెట్టేను, కొరికి సూసేను. అదే. నీ తప్పేటీ లేదు, మీ వంటాయన తప్పు లేదు. సెప్తే నా పరువు పోద్దని నోరు మూసుకున్నాను. తెలిసే మూసుకున్నాను."

ఫోన్ పెట్టేసిందేమోనని చూసుకుంది. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"లింగమ్మా?"

"మా ఆయన పోయి ఆరేళ్ళయింది" అంది లింగమ్మ. గొంతులో కోపం లేదు, అసలేమీ లేదు. "మంచాన పడి తిండి మానీసేడు. ఒక్క దినం మాత్రం నోరు తెరిచి అడిగేడు. పంది ఎముకల సూపు, వాళ్ళమ్మ సేసీది. ఆ రోజు శనివారం. ఈ రోజు వద్దు, తెల్లారనీ, రేపు పొద్దున్నే సేత్తాను అన్నాను. నవ్వేడు. అలగే నీ ఇష్టం అన్నాడు. తెల్లారీసరికి లేడు."

గంగాభవాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. క్షమించు అనే మాటకి అక్కడ చోటు లేదని ఆమెకి తెలుసు. ఏడుపు వినిపించడం కూడా తప్పే అనిపించి, కొంగుని పళ్ళతో కరిచి పట్టుకుంది.

"ఇన్నావా?"

"ఇన్నాను."

"ఇరవై తొమ్మిది ఆఖరి రోజు. శనివారమే. ఆ రోజు ఆ సూపు కాస్తాను. ఆయన ఫొటో ముందు పెడతాను. నువ్వు రా. నాకు సెప్పింది సాలదు. అక్కడ కూసుని ఆయనకి సెప్పు."

"సెప్తాను."

లింగమ్మ ఎత్తిపొడుపేమీ లేకుండా, వెనకటి రోజుల్లో బల్ల దగ్గరికొచ్చి కనుక్కున్నట్టే అడిగింది:

"శనివారం నీసు వాసన నీకు పడదు కదే. కూసోగలవా?"

"కూసుంటాను" అంది గంగాభవాని.